గవర్నరుగారి మీద నలభై ఒక్క ఫిర్యాదులు

శాన్ మార్సియాల్,
జూన్ 3, 1747

గవర్నరుగారి ఉద్యోగం పోయింది తల్లీ! పోయింది, పోయింది, పోయింది! ఆ కాగితం నా కళ్ళతో చూశాను. రాజుగారి ముద్ర నా అరచేయంత ఉంది.

చిట్టితల్లీ కసిల్దా, నీకు వెయ్యి దీవెనలు. ముందు కూర్చో, ఒక గుక్క నీళ్ళు తాగి తర్వాత చదువు. నేనైతే పొద్దుటి నుంచి కూర్చోలేదు. కుడుతున్న జీనుకు తోలు కుట్టే ఆరె గుచ్చి అలాగే వదిలేశాను. ఇల్లంతా తిరుగుతున్నాను, కోళ్ళకు రెండుసార్లు గింజలు వేశాను.

డాన్ ఫాద్రిక్ స్వయంగా మన కొట్టుకు వచ్చి చెప్పారు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "బల్తసార్ గారూ, రాజుగారికి నాతో పని అయిపోయిందట. కొత్త గవర్నరు బయలుదేరాడట" అన్నారు. "ఎంత చల్లని మాట చెప్పారు దొరా!" అని ఆయన్ను కావలించుకున్నాను. ఆయన ఎముకలు కటకటమన్నాయి. ఎదురుగా మొక్కజొన్న పిండి తమాలె పొట్లాలు అమ్ముకునే బ్రిగిదా ఇదంతా చూసింది. "ఆ మహానుభావుడి ఉద్యోగం పోతే నీకు నవ్వెలా వస్తోందయ్యా ముసలాడా? నీకేం ద్రోహం చేశాడు?" అని బజారంతా వినిపించేలా తిట్టింది. ఏం చెప్పను? చెప్పకూడదు కదా. తల దించుకున్నాను. ఈ పూట నాకు తిండి అమ్మనంది. పస్తుంటే ఉన్నాను, సంతోషంతో కడుపు నిండిపోయింది.

నీకు తెలియనిది కాదు, అయినా రాస్తుంటే బాగుంది కనుక రాస్తున్నాను. పదవిలో ఉన్న గవర్నరు తాను ఏలే సీమలో పిల్లను చేసుకోకూడదు, చేసుకుంటానని మాటైనా ఇవ్వకూడదు అని రాజుగారి చట్టం. అందుకే కదా మూడేళ్ళ క్రితం నిన్ను సరిహద్దు దాటించి గ్రనాదాలో మీ అత్త ఇంట్లో పెట్టింది. నీకూ ఆయనకూ నాకూ చర్చి పాద్రె కయెతానోకూ తప్ప ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. నీ అక్షరాలు చీమల బారులా ఉంటాయి, నా కళ్ళకు ఆనవు, అందుకని డాన్ ఫాద్రిక్ వచ్చి నీ ఉత్తరాలు చదివి పెడుతుంటారు. అలాగే మూడేళ్ళు గడిపాం. ఇక ఒక్కటే మిగిలింది. రాజధాని గ్వాటెమాలా నుంచి ఒక న్యాయాధికారి వస్తాడు. దిగిపోయిన ప్రతి గవర్నరుకూ జరిగే విచారణే. దండోరా వేసి, గవర్నరు వల్ల అన్యాయం జరిగిన వాళ్ళెవరైనా సరే వచ్చి చెప్పుకోండి అంటారు. అరవై రోజులు. అది గట్టెక్కితే ఆయన ఎవరిని చేసుకున్నా అడిగేవాడు లేడు. ఆయన మీద ఎవరికి ఫిర్యాదు ఉంటుంది చెప్పు? ఏడేళ్ళ క్రితం ఒక పెట్టె, రెండు చొక్కాలతో వచ్చాడు. జీతం గ్వాటెమాలా నుంచి రాక కచేరీ వెనకాల మొక్కజొన్న వేసుకుని తిన్నాడు. కొండ బూడిద కక్కిన ఏడాది చర్చి కప్పెక్కి తానే చీపురు పట్టాడు.

నీ ముసుగు బట్ట కుట్టించుకోవడం మొదలుపెట్టు. నల్ల పట్టు అయితే బాగుంటుంది, మన పెళ్ళికూతుళ్ళు వేసుకునేది అదేగా.

సంతోషంతో చెయ్యి నిలవక అక్షరాలు వంకర పోతున్న మీ నాన్న,
బల్తసార్


గ్రనాదా,
జూలై 1, 1747

నాన్న చేతులు కళ్ళకద్దుకుని కసిల్దా రాస్తున్నాను.

ఇంకోసారి శుభవార్త రాసేటప్పుడు ఇది శుభవార్త అని పైన రాయి నాన్నా. నీ ఉత్తరం పెట్రొనీలా అత్త విప్పింది. మొదటి వాక్యం చదివి నేల మీద కూలబడింది. "అయ్యో, పిల్ల బతుకు ఏమైపోయిందే" అని ఏడుపు. పక్కింటివాళ్ళు వచ్చారు. నేను ఉత్తరం లాక్కుని చివరిదాకా చదివేసరికి, మనింట్లో ఎవరో పోయారని వీధి చివరిదాకా చెప్పేశారు. నిన్న ఒకావిడ పరామర్శకు రొట్టె కూడా తెచ్చింది. తినేశాం.

నువ్వేమో అంత తేలిగ్గా రాశావు. విచారణ అంటే ఇక్కడివాళ్ళకు బాగా తెలుసు. ఈ ఊళ్ళో దిగిపోయిన ఒకాయన, ఎవరిదో కోడిపెట్టను తన వంటవాడు కోశాడన్న ఫిర్యాదు మీద రెండేళ్ళు ఊరు కదలకుండా కూర్చున్నాడట. కోడిపెట్ట నాన్నా! అందుకని నువ్వు ఇంటింటికీ వెళ్ళు. ఎవరూ నోరు మెదపకూడదని చెప్పు. ఒక్క ఫిర్యాదు కూడా పడకూడదు. డాన్ గస్పార్ దగ్గరకు మాత్రం వెళ్ళకు. తన ఆవుల మందను కొండ ఆదివాసులైన ఇండియన్ల చేలల్లోంచి తోలించేశారని ఆయనకు గవర్నరుగారి మీద కోపం, నువ్వు వెళితే ఇంకా గుర్తొస్తుంది.

ఇది చదివిపెడుతున్న వారికి ఒక మాట. మీరు ఈ రెండు నెలలూ ఎవరితోనూ వాదించకండి. ఆ కరిచే కంచరగాడిదను ఇంట్లోనే కట్టేయండి. చర్చిలో పాడకండి. ముఖ్యంగా పాడకండి.

నల్ల పట్టు తీసుకున్నాను. అత్త బేరమాడింది, కొట్టువాడు ఇంకా కోలుకోలేదు.

నీ కూతురు,
కసిల్దా


శాన్ మార్సియాల్,
జూలై 28, 1747

శుభవార్త! (చూశావా, పైనే రాశాను.)

బంగారు తల్లీ, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. గడప గడపకూ తిరిగాను. నీ ఉత్తరం డాన్ ఫాద్రిక్ చదువుతూ చదువుతూ పాట దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయారు. "అంత ఘోరంగా ఉంటుందా?" అని అడిగారు. నేను అబద్ధం ఆడలేదు.

న్యాయాధికారి ఈ నెల పదో తేదీన వచ్చాడు. పేరు డాన్ ఎవారిస్తో బెల్త్రాన్. పొడుగ్గా, ఎండిన రొయ్యలా ఉంటాడు. ప్రయాణంలో కడుపు పాడైందని ఉడికించిన అరటికాయ తప్ప ఏమీ తినడు. వచ్చిన మర్నాడు కచేరీలో అందరి ముందూ డాన్ ఫాద్రిక్ తన అధికార దండాన్ని ఆయన చేతికి ఇచ్చేశారు. ఏడేళ్ళు పట్టుకున్న కర్ర కదా, చెయ్యి ఊరికే ఉండలేక కాసేపు గాలిలోనే ఊగింది. తర్వాత తిబుర్సియో డోలు కొట్టి మూడు రోజులు దండోరా వేశాడు. "గవర్నరు డాన్ ఫాద్రిక్ దె ఉర్బీనా వల్ల కష్టపడిన వాళ్ళు, స్పెయిన్ వాళ్ళైనా, ఇండియన్లైనా, బానిసలైనా, విధవలైనా వచ్చి చెప్పుకోండహో!"

ఒక్క పురుగు రాలేదు! పదిహేను రోజులు! న్యాయాధికారి పెద్ద బల్ల వెనక కూర్చున్నాడు, గుమస్తా ఈక చెక్కి సిరాలో ముంచి పెట్టుకున్నాడు. ఈక ఎండిపోయింది, మళ్ళీ ముంచాడు, మళ్ళీ ఎండిపోయింది. నేను అటు పోతూ ఇటు వస్తూ కిటికీలోంచి చూసి మురిసిపోయాను. ఈ ఘనత నాదే కదా అనుకున్నాను.

అయితే తల్లీ, మొన్న ఆదివారం పాద్రె కయెతానో నన్ను పక్కకు పిలిచారు. న్యాయాధికారి ఆయనతో ఏమన్నాడంటే, "ఇరవై ఏళ్ళలో పదకొండు విచారణలు చేశాను. ఫిర్యాదు లేని ఊరు చూడలేదు. దేవుడే గవర్నరుగా వచ్చినా వానలు ఆలస్యమయ్యాయని నలుగురు వస్తారు. ఇక్కడ ఎవరూ రాలేదంటే ఈ మనిషి వీళ్ళను భయపెట్టి నోళ్ళు కుట్టేశాడన్నమాట. ఇంకో పది రోజులు చూసి, కాపలా పెట్టి గ్వాటెమాలాకు పంపిస్తాను. అక్కడ తేలుస్తారు" అన్నాడట.

గ్వాటెమాలా వెళ్ళినవాడు ఎప్పటికి తిరిగొస్తాడు? నీకు ఇరవై ఆరు నిండాయి. పాద్రె, నేను చాలాసేపు ఆలోచించాం. అయితే ఫిర్యాదులు ఇప్పిస్తే పోలేదా అనుకున్నాం! చిన్నవి, చేదు లేనివి, ముద్దొచ్చేవి ఓ నాలుగు.

అందుకని మళ్ళీ గడప గడపకూ బయలుదేరాను. బ్రిగిదా అయితే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మొన్న వచ్చి నోరు మూసుకోమన్నావు, ఇవాళ వచ్చి నోరు తెరవమంటున్నావు. నీకు ఎండ దెబ్బ తగిలిందా?" అంది. కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి కాస్త ఆలోచించి, "అయినా నా తమాలెల్లో ఉప్పు తక్కువని పదిమందిలో అన్నాడుగా" అంది. "అదీ! అది చెప్పు" అన్నాను. రేపు వెళుతుంది.

ఏమీ దిగులు పెట్టుకోకు. అంతా నా చేతిలో ఉంది.

తెలివి చూపించుకున్న మీ నాన్న,
బల్తసార్


గ్రనాదా,
ఆగస్టు 20, 1747

నాన్నా,

అంతా నీ చేతిలో ఉందని చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు.

ఆపు. ఎంతమందితో చెప్పావో అంతమంది దగ్గరకూ మళ్ళీ వెళ్ళి ఆపు. మన ఊరివాళ్ళ సంగతి నీకు తెలియదా? ఒకడు తుమ్మితే వీధంతా తుమ్ముతారు. ఉప్పుతో మొదలైంది ఉప్పుతో ఆగుతుందా?

ఇక ఇక్కడి నుంచి నువ్వే చదువుకో. కష్టమైనా సరే, మెల్లగా కూడబలుక్కుని చదువు. ఆయనతో చదివించుకోకు.

గ్వాటెమాలా నుంచి వచ్చిన ఒక కెప్టెన్ ఇక్కడ దిగాడు. డాన్ ఫాద్రిక్ పేరు అక్కడ మంచిగా వినిపిస్తోందట. విచారణ శుభ్రంగా ముగిస్తే, సముద్రం ఒడ్డున ఒక పెద్ద రేవు పట్నానికి గవర్నరుగా పంపుతారట. రాతి కోట, నలభై ఫిరంగులు, జీతం నెల నెలా. మొక్కజొన్న తానే పండించుకోనక్కర్లేదు. ఆయన అక్కడికి పోయి జీనులు కుట్టేవాడి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంటే అక్కడి దొరసానులు ఏమంటారో నాకు తెలుసు. ఆయనా తెలుసుకుంటాడు, కొంచెం ఆలస్యంగా.

ఆయన నన్ను ఏ రోజూ ఏ మాటా అడగలేదు, నేను ఏ మాటా ఇవ్వలేదు. కనుక తెంచుకోవడానికి ఏమీ లేదు. నువ్వు నీ మాటల్లో, నెమ్మదిగా, నవ్వు ముఖంతోనే చెప్పు. కసిల్దా బాగుంది, ఎవరి దారికీ అడ్డం రాదు, రేవు పట్నం మంచి గాలి అట, అని చెప్పు. ఇక్కడ అత్త వైపు చుట్టం, పెళ్ళాం పోయిన నోటరీ ఒకడు, ఆదివారాలు వచ్చి కూర్చుంటున్నాడు. మంచివాడే. దగ్గుతాడు.

ఇది రాస్తూ నేను ఏడవడం లేదు. ఆ మచ్చ అత్త సూప్ చిందింది.

కసిల్దా


శాన్ మార్సియాల్,
సెప్టెంబరు 14, 1747

నా కన్నతల్లీ,

ఈసారి పైన ఏం రాయాలో తెలియడం లేదు. నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. వానలకు ఏర్లు పొంగి ఉత్తరాలు తెచ్చే బిడారు ఆగిపోయిందన్నారు. నువ్వు పక్కనుంటే నా చెవి మెలిపెట్టేదానివి. మెలిపెట్టాల్సిన పనే చేశాను.

మొదట అంతా ఎంత బాగా సాగిందో! బ్రిగిదా వెళ్ళి ఉప్పు సంగతి చెప్పింది. న్యాయాధికారి నవ్వలేదు కానీ, "నువ్వు ఇక్కడ చెబుతుంటే భయం వేయలేదా?" అని అడిగాడట. "ఆయన ముందు కూడా చెప్పాను, చీపురు పట్టుకుని మరీ చెప్పాను" అందట. గుమస్తా రాసుకున్నాడు. తర్వాత తిబుర్సియో వెళ్ళాడు. "ఏడేళ్ళ నుంచి ఈయన రాసే హుకుములు ఒక్కో వాక్యం ఒక్కో మైలు పొడుగు. ఊపిరి తీసుకోవడానికి చోటుండదు. నా గొంతు పోయింది" అన్నాడు. ఇక చూడు తల్లీ! ఊరు రుచి మరిగింది. కచేరీ ముందు పీటలు వేసుకుని వరసలో కూర్చున్నారు. బ్రిగిదా అక్కడే పొయ్యి పెట్టి పొట్లాలు అమ్మింది. ఒకావిడ, ఆయన కంచరగాడిద తన చాకిరేవు దగ్గర దుప్పటి నమిలిందని. చర్చి గాయకుల బృందమంతా కలిసి ఒకే ఫిర్యాదు, ఎందుకో నీకు తెలుసు. రాణిగారికి పిల్ల పుట్టినప్పుడు ఊరి మధ్య రెండు వందల మైనపు వత్తులు వెలిగించమని వచ్చిన రాజాజ్ఞను ఈయన నెత్తిన పెట్టుకుని, ముద్దు పెట్టుకుని, "శిరసావహించాను, అమలు మాత్రం చేయను, ఊళ్ళో మైనం లేదు" అన్న రోజు తనకు వేడుక చూసే భాగ్యం పోయిందని ఒక ముసలామె. మొత్తం నలభై.

ఆ నలభైలో డాన్ గస్పార్‌ది కూడా ఉంది, ఆవుల సంగతి. అదొక్కటే నిజంగా విషం. కానీ మర్నాడే కొండ మీది ఇండియన్ల ఊరిపెద్ద పదిమందిని వెంటేసుకుని దిగి వచ్చాడు. "ఆ ఏడు మా పిల్లలు తిన్నది ఆవుల నోట పడకుండా మిగిలిన ఆ చేల మొక్కజొన్నే. నా ఫిర్యాదు వేరే. మా పండగకు వస్తానని మూడుసార్లు మాటిచ్చి రాలేదు. అది రాసుకో" అన్నాడు. న్యాయాధికారి ఆ రోజు మొదటిసారి ఒక తమాలె తిన్నాడు. సాయంత్రం పాద్రెతో, "ఈ మనిషి ఈ మూలన ఉండాల్సినవాడు కాదు. పెద్ద రేవుకు నేనే సిఫారసు రాస్తాను" అన్నాడట.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు నేను. నలభై మందీ చెప్పుకున్నారు, నేను ఒక్కణ్ణే మిగిలాను. "నువ్వే అందరినీ తోలావు, నీకు మాత్రం ఏమీ లేదా, మంచివాడివి అనిపించుకుందామనా?" అని బ్రిగిదా గేలి చేసింది. రోషం వచ్చింది. తలకు నూనె రాసుకుని, ఆదివారం కోటు తొడుక్కుని వెళ్ళాను.

"ఏమయ్యా, నీ కష్టం ఏమిటి?" అన్నాడు న్యాయాధికారి.

"అయ్యా, ఈయన మూడేళ్ళుగా నెలకోసారి మా కొట్టుకు వచ్చి నా బల్ల మీద పూటంతా కూర్చుంటాడు. చెక్కుచెదరని జీను పటకా ఒకటి తెచ్చి తెగిందంటాడు. వేరే బేరం కూర్చోవడానికి చోటుండదు" అన్నాను. జనం నవ్వారు. నాకు ఉత్సాహం వచ్చింది.

"పటకా తెగకుండానే ఎందుకొస్తాడు?"

"మా అమ్మాయి ఉత్తరం చదవడానికండీ. ఒకసారి చదివి ఊరుకోడు. నాకు వినిపించాక తనకోసం ఇంకోసారి చదువుకుంటాడు."

నవ్వు ఆగిపోయింది. గుమస్తా ఈక ఆగింది. నా నాలుక నా నోట్లోనే ఉంది, కానీ ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"మీ అమ్మాయికి పెళ్ళయిందా?"

"లేదండీ."

"ఈ సీమ పిల్లేనా?"

"ఇక్కడే పుట్టిందండీ" అన్నాను. వేరే ఏమనగలను, బాప్తిస్మం పుస్తకం పాద్రె దగ్గరే ఉందిగా.

డాన్ ఫాద్రిక్ గోడ పక్కన నిలబడి ఉన్నారు. నన్ను కోపంగా చూడలేదు. అదే నన్ను కోసేసింది. న్యాయాధికారి పుస్తకం మూసి, ఆయన్ను ఇల్లు కదలవద్దన్నాడు. నెలాఖరున తుది విచారణ. మిగతా నలభై ఫిర్యాదులూ ఆటగా కొట్టేయవచ్చు, ఇది మాత్రం రాజుగారి చట్టం, ఇక ఆయన ఏ పదవీ చూడడు అని పాద్రె అన్నారు. ఊరంతా నన్ను చూసి ముఖం తిప్పుకుంటోంది. బ్రిగిదా మాత్రం వచ్చి గుమ్మంలో రెండు పొట్లాలు పెట్టి, "తిను, చచ్చిపోతావు" అని వెళ్ళింది. పాపం, నన్ను రెచ్చగొట్టింది తనే అని దిగులు పడుతోంది.

తల్లీ, మూడేళ్ళు నిన్ను పరాయి ఊళ్ళో కూర్చోబెట్టి, మూడు మాటల్లో పాడు చేశాను. నన్ను క్షమించు అని రాయడానికి కూడా మొహం చెల్లడం లేదు. అయినా రాస్తున్నాను.

మీ నాన్న


గ్రనాదా,
సెప్టెంబరు 16, 1747

నాన్నా, చాలా తొందరలో రాస్తున్నాను, బిడారు బయలుదేరుతోంది.

ఆగస్టులో రాసిన ఉత్తరం ఇంకా అందకపోతే అందగానే పొయ్యిలో పెట్టు. అందితే ఎవరికీ చూపించకు. చూపించి ఉంటే, ఆ రోజు నాకు జ్వరం అని చెప్పు. నోటరీ సంగతి మర్చిపో. మొన్న అత్త ఎదుటే అతనికి చెప్పేశాను, ఆదివారాలు మాకు తీరిక ఉండదని.

ఆయన రేవు పట్నానికి పోతే పోనీ. పిలిస్తే నడిచి పోతాను. దొరసానులు ఏమన్నా అనుకోనీ. పిలవకపోతే ఆ బాధ నేను పడతాను, ముందుగానే నేను తెంచేసి గొప్ప చూపించుకోవడం ఎందుకు? ఇది రాయడానికి నెల రోజులు పట్టింది.

ఆ ఉత్తరం కాల్చేయ్.

కసిల్దా


శాన్ మార్సియాల్,
అక్టోబరు 1, 1747

శుభవార్త! శుభవార్త! శుభవార్త! మూడుసార్లు రాశాను, అత్తను ముందు కూర్చోబెట్టి అప్పుడు చదువు!

నా వరాల మూటా, నా చక్కెర ముద్దా, ఎక్కడ మొదలుపెట్టను? నిన్న తుది విచారణ. పొద్దున్నే బిడారు వచ్చింది, నీ ఆగస్టు ఉత్తరం అందింది. కచేరీ మెట్ల మీద నిలబడి విప్పాను. ఎప్పటిలాగే చీమలు. పైగా కంగారుకు కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. అప్పుడే డాన్ ఫాద్రిక్‌ను కాపలావాళ్ళు తీసుకొచ్చారు. అలవాటు తల్లీ! మూడేళ్ళ అలవాటు! చేయి చాచి ఇచ్చేశాను. ఆయనా అలవాటు కొద్దీ తీసుకుని చదవడం మొదలుపెట్టారు. వీధంతా తుమ్ముతారని నువ్వు రాసిన చోట ఆయన నవ్వారు. తర్వాత, "ఇక ఇక్కడి నుంచి నువ్వే చదువుకో... ఆయనతో చదివించుకోకు" అని గట్టిగానే చదివేశారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"ఆపమంటారా?" అన్నారు.

"నాకు కనపడదు, మీరు ఆపితే నాకు తెలిసేదెలా?" అన్నాను.

చివరి దాకా చదివారు. నోటరీ దగ్గర ఒక పంక్తి రెండుసార్లు చదివారు. సూప్ మచ్చ దగ్గర కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. మడిచి, నాకు తిరిగి ఇవ్వకుండా చొక్కా లోపల పెట్టుకుని లోపలికి వెళ్ళారు.

కచేరీ కిక్కిరిసిపోయింది. న్యాయాధికారి ముప్పై తొమ్మిది ఫిర్యాదులు చదివి కొట్టేశాడు. డాన్ గస్పార్ ఫిర్యాదు చదివి, అది గవర్నరుగారికి మెప్పుగా రాయించాడు. నలభై ఒకటోదానికి వచ్చాడు. నన్ను చూశాడు. ఆ ఎండు ముఖంలో జాలి కనపడింది తల్లీ, ప్రమాణం చేసి చెబుతున్నాను.

"డాన్ ఫాద్రిక్" అన్నాడు, "ఈ జీనులు కుట్టే పెద్దాయన వయసు మళ్ళినవాడు. మాట తడబడే వయసు. ఆయన ఏదో అయోమయంలో అన్నాడని మీరు ఒక్క మాట చెబితే ఈ పంక్తి కొట్టేస్తాను. ఇదిగో రేవు పట్నానికి సిఫారసు, రాసి ఉంచాను. సంతకం ఒక్కటే తరువాయి. తొందరపడకుండా చెప్పండి. ఆయన పొరబడ్డాడా?"

నేను లోలోపల దణ్ణాలు పెట్టుకున్నాను. అనండి బాబూ, ముసలాడికి మతి పోయిందనండి, ఫరవాలేదు, అనండి అని. జనంలో ఎవరో అనేశారు కూడా, "ఆయనకు మతి ఎప్పుడుంది గనుక!" అని. తిబుర్సియో గొంతే.

డాన్ ఫాద్రిక్ దగ్గారు, గొంతు సవరించుకున్నారు. "లేదండీ" అన్నారు. "బల్తసార్ గారు చెప్పింది అక్షరం అక్షరం నిజం. ఒకటి తక్కువ చెప్పారు. రెండోసారే కాదు, మూడోసారి కూడా చదువుకునేవాణ్ణి. ఆ అమ్మాయిని చేసుకోవాలని ఈ మూడేళ్ళూ అనుకున్నాను, పదవిలో ఉండగానే అనుకున్నాను. ఆమె తండ్రికి అది తెలుసు, ఆమెకు తెలుసు. రాజుగారికి ఒక్కరికే తెలియదు, ఇప్పుడు రాసుకోండి. పోయే పదవి కోసం ఆ పెద్దాయన్ను పిచ్చివాణ్ణి చేయను."

న్యాయాధికారి సిఫారసు కాగితం మీద చెయ్యి పెట్టాడు. "ఇక సముద్రానికి ఇటు పక్క రాజుగారి ఏ పదవీ మీకు రాదు. జీవితాంతం. తెలుసా?"

"తెలుసండీ."

"దీనికి బాధ లేదా?"

"ఉందండీ. ఫిరంగులంటే నాకు ఇష్టం" అన్నారు.

అప్పుడు నవ్వాడు తల్లీ ఆ రొయ్య! పళ్ళు కూడా ఉన్నాయి! సిఫారసు కాగితం రెండు ముక్కలు చేశాడు, తీర్పు రాయించాడు, సంతకం పెట్టాడు. "వెళ్ళండి. మీరిప్పుడు ఎవరూ కారు. ఎవరూ కానివాళ్ళ పెళ్ళిళ్ళ మీద రాజుగారికి చట్టం లేదు" అన్నాడు.

ఇంటికి వచ్చి ఇంకా కోటు విప్పలేదు, గుమ్మంలో డాన్ ఫాద్రిక్. చేతిలో కర్ర లేదు, వెనక కాపలా లేదు, తెగిన పటకా కూడా లేదు. వెనకాల మాత్రం ఊరంతా ఉంది. బ్రిగిదా అందరికంటే ముందు నిలబడింది.

"బల్తసార్ గారూ, మీ అమ్మాయిని నాకిచ్చి చేయమని అడగడానికి వచ్చాను" అన్నారు.

వెంటనే సరే అనబోయాను. కానీ ఇంతమంది ముందు ఆడపిల్ల తండ్రిగా కాస్త బెట్టు చూపించాలా వద్దా? "మీకు ఉద్యోగం ఏముంది?" అన్నాను.

"లేదండీ."

"ఇల్లు?"

"కచేరీ ఖాళీ చేయాలండీ ఎల్లుండి."

"మరి ఏం చూసి ఇవ్వమంటారయ్యా పిల్లని?"

"కచేరీ వెనక మొక్కజొన్న బాగా వచ్చిందండీ. కొత్త గవర్నరు కోసుకోనిస్తే..." అన్నారు, పాపం, నిజంగానే చెమటలు పట్టాయి.

"ఒరే ముసలాడా! ఇవ్వకపోతే నేను చేసుకుంటాను ఆయన్ను!" అని బ్రిగిదా అరిచింది. ఇక నేను ఆగలేదు. మళ్ళీ కావలించుకున్నాను, మళ్ళీ ఎముకలు కటకటమన్నాయి. ఈసారి "మామగారూ, మెల్లగా" అన్నారు. మామగారూ! విన్నావా? ఆ ఒక్క మాటకు నలభై ఫిరంగులు ఇస్తారా ఎవరైనా?

నేను పని నేర్పుతానన్నాను. ఇవాళ పొద్దున్న మొదటి పాఠం. వేలు మూడుచోట్ల గుచ్చుకున్నారు. ఆ చేతుల్లో తోలుపని కన్నా మొక్కజొన్నే నయం అని తేలింది. కొండ ఊరిపెద్ద తన ఊరి పక్కన బీడు చూపించాడు, దున్నుకోమన్నాడు, పండగకు వస్తేనే అని షరతు.

నీ ఉత్తరం ఆయన తిరిగి ఇవ్వలేదు. నోటరీకి దగ్గు తగ్గిందా అని మాత్రం రెండుసార్లు అడిగారు. నువ్వే జవాబు చెప్పుకో.

ఆలస్యం చేయకు. నవంబరు దాటితే క్రిస్మస్ ముందరి ఉపవాసాలు వస్తాయి, చర్చిలో పెళ్ళిళ్ళు చేయరు. ఈ ఉత్తరం తెచ్చిన బిడారు తిరిగి వచ్చేటప్పుడే ఎక్కు. న్యాయాధికారి కూడా పెళ్ళిదాకా ఉంటానంటున్నాడు, కడుపు ఇంకా కుదుటపడలేదని పైకి చెబుతున్నాడు, రోజుకు నాలుగు తమాలెలు తింటున్నాడు.

బయలుదేరే లోపల వీళ్ళందరికీ చెప్పు. ముందు పెట్రొనీలా అత్తకు, పక్కన ఎవరినైనా నిలబెట్టి. చేపల వీధిలో మీ అత్త కొడుకులు ముగ్గురికీ, పెద్దవాడికి మొదట, లేకపోతే అలుగుతాడు. నీకు బాప్తిస్మంలో తల్లిగా నిలబడిన ఇసిద్రాకు, చెవుడు కనుక పక్కవాళ్ళను చెప్పమనకు, నువ్వే వెళ్ళి చెవిలో అరిచి చెప్పు. మఠంలో ఉన్న మీ పిన్నికి, జాలీ తలుపు దగ్గరే చెప్పు, లోపల నలభై మందికి తనే చెబుతుంది. లెయోన్‌లో మా తమ్ముడికి మనిషిని పంపు, వాడి భార్యకు మళ్ళీ విడిగా చెప్పాలి, వాళ్ళిద్దరికీ మాటల్లేవు. దారిలో నికోయాలో బిడారు ఆగుతుంది, అక్కడ మీ అమ్మ మేనత్తలు ఇద్దరూ ఇంకా ఉన్నారో లేదో కనుక్కుని, ఉంటే చెప్పు. ఇక మా బావమరిది సిప్రియానోకు కూడా తప్పకుండా చెప్పు, మర్యాదగా, రెండుసార్లు పిలువు. పిలిస్తే బెట్టు చేసి రాడు. పిలవలేదని తెలిస్తే మాత్రం వారం ముందే వచ్చి కూర్చుంటాడు.